కమలాక్షమ్మ మెంతి మజ్జిగ

ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ మజ్జిగకు మంచి పేరుండేది. ఆమె నోటికి అంతకంటే పెద్ద పేరుండేది. ఎండలో వాడిపోయి వచ్చి గడప ముందు నిలబడి "అమ్మా, రొంత మజ్జిగ" అన్నవాడు ఎవరైనా సరే, చెంబు నిండా పోసేది. పోస్తూ తిట్టేది.

"ఈ ఎండలో తిరగమని నీకెవురు చెప్పినార్రా? ఇంట్లో పెండ్లాం ఉండనీల్యాదా? ఇంకో చెంబు తాగు. తాగి ఆ నీడన కూసో, పో!"

తిట్లు తిన్నవాడు మూతి తుడుచుకుని నవ్వుకుంటూ పోయేవాడు, మరునాడు మళ్లీ వచ్చేవాడు. ఆ ఇంట్లో పాలు అమ్మేవాళ్లు, నెయ్యి అమ్మేవాళ్లు. మజ్జిగ మాత్రం అమ్మరు. అడిగినవాళ్లకు లేదని చెప్పరు. కోడలై వచ్చిన కొత్తలో అత్త చెప్పిన మాట అది. అత్త చెప్పిన మాటల్లో కమలాక్షమ్మ ఎదురు మాట్లాడకుండా విన్నది అదొక్కటే అని భర్త ఆదినారాయణ అందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆదినారాయణకు కేసీ కాలువ కింద వరి, పైన నల్లరేగడిలో శనగ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పొలంలోంచి ఆయన కూలీలను పిలిస్తే రోడ్డు మీద పోయే కడప బస్సు డ్రైవరు తననే ఆపమన్నారేమోనని తల బయటపెట్టి చూసేవాడని ఒక కథ ఉంది. కథ కట్టింది కూడా ఆదినారాయణే. ఏదైనా నవ్వొచ్చే మాట చెప్పబోయే ముందు తనే నవ్వేసేవాడు. ఆ నవ్వులో సగం మాట మునిగిపోయేది, అయినా వినేవాళ్లు నవ్వేవాళ్లు.

అట్లాంటి మనిషి రెండు వేల ఐదో సంవత్సరంలో మాట తగ్గించేశాడు.

కారణం ఇదీ అని చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఏడు వానలు పడ్డాయి, కాలువకు నీళ్లొచ్చాయి, పంట ఇంటికొచ్చింది. కూతురు కావ్యకు నంద్యాలలో బీఈడీ సీటొచ్చింది. ఇల్లు నిండుగా ఉంది. ఇంటాయన మాత్రం పొద్దున లేచి మంచం మీదే కూర్చుని కాళ్ల వైపు చూసుకుంటూ ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు, పలికింది అవతలి గదిలోకి కూడా వినపడేది కాదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయేవాడు. కడుపులో బాగా లేదని, ఉబ్బరంగా ఉందని, ఏం తిన్నా మన్ను తిన్నట్టే ఉందని చెప్పేవాడు.

కష్టం ఉన్నవాడికైతే ఓదార్పు చెప్పొచ్చు. ఏ కష్టమూ లేనివాడికి ఏం చెప్తారు? వీధివాళ్లు తలా ఒకటి చెప్పారు. దృష్టి అన్నారు, గాలి అన్నారు, ఎవరో ఏదో పెట్టించారన్నారు. కమలాక్షమ్మ అన్నీ చేసింది. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అహోబిలం తీసుకుపోయి, నడవలేనన్న మనిషిని తిట్టి మరీ కొండెక్కించింది. దేవుడి ముందు కూడా ఆయన కాళ్ల వైపే చూసుకున్నాడు.

ఒకరోజు ఆమె బర్రెకు గడ్డి వేస్తుంటే వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు.

"కమలా, నేనుండి ఏం చేస్తాండా ఈడ? నేను ల్యాకపోయినా ఈ ఇల్లు జరుగుతాది."

ఎవరేమన్నా తిరిగి నాలుగు అనే మనిషి ఆ రోజు చేతిలోని గడ్డి మోపు కింద పడేసింది. సాయంత్రంలోగా ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ మూటగట్టి, మామగారి తమ్ముడు చిన్నమామ ఇంటికి చేర్చింది. అప్పటి నుంచి ఆయన ఎటు పోయినా ఆమె కళ్లు వెంట పోయేవి. పంట, బర్రె, కూతురి చదువు, అన్నీ ఆమెకు వెనకబడిపోయాయి. ఈ మనిషి బతికుండాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

నంద్యాలకు పోదామని అన్నది కావ్య. కడుపు డాక్టరంటే ఆదినారాయణ కూడా సరేనన్నాడు. ఆ డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, కడుపులో ఏమీ లేదు, ఈమెను చూడండని చీటీ రాసి డాక్టర్ లూదియా దగ్గరికి పంపాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక ఆదినారాయణ తలెత్తి గోడ మీది బోర్డు చదివాడు. మానసిక వైద్యం అని ఉంది. వెంటనే లేచాడు. కమలాక్షమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

"ఇడ్సు."

"ఇడ్సను. ఇంతదూరం వచ్చినాం. మాట్లాడిపోదాం."

చొక్కా చిరుగుతుందేమోనని ఆయన కూర్చున్నాడు.

లూదియా నిదానంగా మాట్లాడే మనిషి. ఆయన్ను చాలా అడిగింది, ఆయన కొంచెం చెప్పాడు, మిగిలింది కమలాక్షమ్మ చెప్పింది. అంతా విని ఆమె చెప్పింది: "ఇది దిగులు జబ్బు. పిచ్చి కాదు. బీపీ, షుగరు వస్తాయే, అట్లనే ఇదీ వస్తుంది. మాత్ర రాస్తున్నా. రాత్రి భోజనం చేశాక రోజూ వేసుకోవాలి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మధ్యలో మానొద్దు." తర్వాత కాగితం మీద నుంచి తలెత్తి, "పొద్దున ఏం తింటారు?" అని అడిగింది.

"కాఫీ" అన్నాడు ఆదినారాయణ.

"మునుపు?"

"సద్దన్నం తినేవాడు మేడమ్" అంది కమలాక్షమ్మ. చెప్తూనే సిగ్గుపడింది. గ్యాసు పొయ్యి వచ్చాక ఇంట్లో కాఫీ, ఇడ్లీ అలవాటయ్యాయి. ఊరందరికీ మజ్జిగ పోసే చేయి ఇంటాయనకు పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ వచ్చింది.

"మళ్లీ సద్ది పెట్టండి, మజ్జిగ ఇవ్వండి. పులిసిన తిండి కడుపుకు మంచిది. కడుపు హాయిగా ఉంటే మనసుకూ కొంత సాయమే. అయితే మాత్ర మానకూడదు. గుర్తుపెట్టుకోండి."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక జేబులోంచి మాత్రల అట్ట తీసి, కాసేపు తిప్పి చూసి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"పిచ్చోళ్ల మాత్రలు మింగేకి నేను ల్యా. ఇంకోపారి ఆ పేరెత్తితే చూడు."

కమలాక్షమ్మ ఏమీ అనలేదు. బస్సులో ఎవరైనా ఆమెను ఎరిగినవాళ్లు ఉంటే ఆ మౌనానికే భయపడి ఉండేవాళ్లు. చీటీ ఆమె రొంటిన భద్రంగా ఉంది.

మరునాడే మందుల షాపుకు పోయి మాత్రలు తెచ్చింది. బర్రె మందు తాగకపోతే బెల్లంలో పెట్టి మింగిస్తారు. మొగుడికైతే మజ్జిగలో కలిపితే సరిపోతుందని ఆమె లెక్క. పైగా మాత్రలన్నీ వేడి చేస్తాయి, మజ్జిగ చలవ చేస్తుంది, రెండూ కలిస్తే ఇంకా మంచిది కదా! ఆ లెక్కలో ఆమెకు తప్పేమీ కనపడలేదు. రాత్రి పూట ఆయన మజ్జిగ తాగడు. అందుకని పొద్దున పూటే కలపాలని నిర్ణయించుకుంది. డాక్టరు చెప్పిన "రాత్రి" అన్న మాటను సౌకర్యంగా మరిచిపోయింది.

అటక మీద నుంచి అత్తకాలపు మట్టికుండ దించి కడిగింది. రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి మూతపెట్టేది. తెల్లవారేసరికి కుండలోంచి కమ్మని పులుపు వాసన వచ్చేది. అందులో ఉల్లిగడ్డ కోసి వేసి, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి ఆయన ముందుంచేది. ఆయన తిన్నంత తిని లేచాక, మూత ఉన్న స్టీలు చెంబులో మజ్జిగ చిలికి పోసి, అందులో మాత్ర పొడి వేసి కలిపి చేతికిచ్చేది. ఆకలైనప్పుడు తాగమని.

మొదటి రోజే ఆయన ముఖం చిట్లించాడు. "ఏందే ఇది, చేదుగా ఉండాది?"

"మెంతులు నూరి వేసినా. కడుపుకు మంచిదంట. గమ్మున తాగు."

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చాక దాన్ని పట్టుకుని కూర్చుంది.

వారాలు గడిచాయి. ఏమీ మారలేదు. మజ్జిగ పోసే ప్రతిసారీ ఆమె ఆయన ముఖంలోకి వెతికి చూసేది. ఇంతలో ఒక పొద్దున ఆయన సద్దిలో చేయి పెట్టి, నోట్లో పెట్టుకుని, తలెత్తి చూశాడు.

"ఉప్పు ఎక్కువైంది. ఈ వయసుకు గూడా నీకు ఉప్పెయ్యడం రాకపోతే ఎట్లనే?"

కమలాక్షమ్మ గబగబా పెరట్లోకి పోయి, బర్రె మెడ పట్టుకుని ఏడ్చింది. నెలల తర్వాత ఆ మనిషికి నోట్లో ఒక రుచి తెలిసింది. ఆమె వంటను ఆయన తప్పుపట్టడం అంత తియ్యగా ఉంటుందని ఆమె పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ అనుకోలేదు.

ఆ తర్వాత గొంతు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. నవ్వు తిరిగొచ్చింది. దాంతో పాటు ఒక తంటా వచ్చిపడింది. ఆదినారాయణకు తన రోగం కుదిర్చింది పెండ్లాం చేసిన మెంతి మజ్జిగేనని గట్టి నమ్మకం కుదిరింది. కనపడినవాణ్ణల్లా ఆపి చెప్పడం మొదలుపెట్టాడు.

"మాత్రల్యా, గీత్రల్యా. మెంతులు నూరి మజ్జిగలో కలుపుకొని తాగు. నన్ను చూడు, ఎట్లుంటి, ఎట్లైతి!"

వీధి ఆడవాళ్లంతా మెంతులు నూరారు. పిల్లలు ముక్కులు మూసుకుని తాగారు. ఒకాయన మోకాళ్ల నొప్పికి తాగాడు, ఒకామె కోడలి కోపం తగ్గడానికి తాగించింది. "ఎన్ని మెంతులు ఎయ్యాలక్కా?" అని అడగడానికి వచ్చినవాళ్లకు కమలాక్షమ్మ నోటికొచ్చిన కొలత చెప్పి పంపేది. చెప్పేటప్పుడు వాళ్ల ముఖం వైపు చూసేది కాదు. ఆ ఇంట్లో మెంతుల డబ్బా ఏనాడూ అటక మీద నుంచి దిగలేదు.

గర్వం లేకపోలేదు. భయం ఇంకా ఎక్కువ ఉండేది. కూతుర్ని చూసే మిషతో నంద్యాల పోయినప్పుడల్లా లూదియాను కలిసేది. ఆయన్ను ఎందుకు తీసుకురాలేదని డాక్టరమ్మ అడిగితే, "కోతలు మేడమ్, నాట్లు మేడమ్" అని పంట పేర్లన్నీ చెప్పేది.

ఆదినారాయణకు చిన్నప్పటి స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, గురుస్వామి. రోడ్డు వారనే శిల్పాల షెడ్డు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే చేతులకు కొదవ లేదు గాని, నందిని చెక్కితే గురుస్వామే చెక్కాలని చెప్పుకునేవాళ్లు. ముందు ఏడు ఆయన భార్య పోయింది. అప్పటి నుంచి నిద్ర లేదు. కళ్ల కింద నలుపు వచ్చింది, ఉలి శబ్దం కూడా మందగించింది. ఆదినారాయణ ఒళ్లు కుదుటపడ్డాక పొద్దున సద్ది తిని, మజ్జిగ చెంబు పట్టుకుని, పొలం పోయే దారిలో ఆ షెడ్డులో కూర్చునేవాడు. స్నేహితుడికి మాట తోడు దొరికిందని కమలాక్షమ్మ సంతోషపడింది.

మళ్లీ ఏడు చలికాలం వచ్చేసరికి ఆదినారాయణ ఉప్పు గురించి మాట్లాడటం మానేశాడు. ఆమె కావాలనే ఒకరోజు రెండింతలు ఉప్పు వేసింది. ఆయన మాట్లాడకుండా తిని లేచాడు. నవ్వు ముందు పోయింది, గొంతు వెనకే పోయింది. కళ్లు మళ్లీ కాళ్ల మీదికి దిగాయి.

ఆమె ఒంటరిగా నంద్యాల బస్సెక్కింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నాడా?" లూదియా అడిగింది.

"ఒక్కపొద్దు గూడా తప్పలేదు మేడమ్. నేనే నా చేత్తో కలిపిస్తాండా."

"కలిపి? దేంట్లో కలిపి?"

నోరు జారింది. ఇంక దాచి లాభం లేదు. బస్సు కిటికీ నుంచి మెంతుల దాకా అంతా చెప్పేసింది. లూదియా చేతిలోని కలం కింద పెట్టింది. ఆమె ముఖంలో కోపం, జాలి రెండూ ఉన్నాయి.

"మీరు ఆయన మేలు కోరే చేశారు. అయినా తప్పు చేశారమ్మా. ఆయన ఒంట్లోకి ఏం పోతుందో ఆయనకు తెలియాలి. అన్ని మాత్రలూ నూరకూడదు. ఇది నిద్రమత్తు వచ్చే మాత్ర, రాత్రి వేసుకోమన్నది అందుకే. ఈ మత్తులో పగలు ట్రాక్టరు ఎక్కి ఉంటే? అన్నిటికంటే ముందు, రేపు ఆయనకు ఇది తెలిసిందనుకోండి, మీరిచ్చే అన్నాన్ని కూడా నమ్మడు. మీరే చెప్పండి. ఆయన్ను తీసుకురండి. ఆలస్యం చేయొద్దు."

ఆళ్లగడ్డలో బస్సు దిగాక ఆమె ఇంటికి పోలేదు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి, ఇంటికి పోతే ధైర్యం పోతుంది. ఆయన గురుస్వామి దగ్గర ఉంటాడేమోనని నేరుగా షెడ్డుకు నడిచింది.

ఆయన లేడు. గురుస్వామి ఒక్కడే ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, సగం చెక్కిన నందికి వీపు ఆనించి, నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. ఉలి ఒళ్లో ఉంది. పక్కనే తన ఇంటి స్టీలు చెంబు, అడుగంటా ఖాళీగా ఉంది. నంది ఎడమ చెవి కొన విరిగి దుమ్ములో పడి ఉంది.

"గురుస్వామన్నా!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ముందు ఆమెను చూశాడు, తర్వాత చెవి ముక్కను చూశాడు. "పొద్దున ఇరిగిందక్కా. ఉలి పట్టినప్పటి నుంచి నా చెయ్యి ఎన్నడూ తప్పలేదు. కునుకు పట్టేసింది. ఇంక దీన్ని ఏ గుళ్లో పెట్టుకోరు."

"ఆ చెంబు ఈడికెట్లొచ్చింది?"

గురుస్వామి ముఖం విప్పారింది. "ఆయనే ఇస్తాడు గదక్కా. పైన తేటంతా తను తాగి, అడుగున చిక్కటిది నాకిస్తాడు. 'నాకు తగ్గిపోయిందప్పా, అసలైన సారం అడుగునే ఉంటాది, నీకే కావాల అది' అంటాడు. వద్దంటే ఇనడు. నీ మెంతి మజ్జిగ మహిమక్కా, ఎన్నాళ్లకో కన్ను మూతపడతాండాది నాకు. కార్తీకం నుంచి తాగుతాండా."

కమలాక్షమ్మ పక్కనున్న రాయి మీద కూలబడింది. పొడి తేలదు, అడుగుకు దిగుతుంది. మొగుడు తేట తాగి, మందంతా స్నేహితుడికి పోశాడు. మంచిదనుకున్నదాన్ని తను ఉంచుకునే మనిషి కాదు ఆయన. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆ గుణం చూసే ఇన్నేళ్లూ మురిసిపోయింది. అడిగినవాడికి మజ్జిగ లేదనకూడదన్న ఇంట్లో పుట్టి పెరిగినవాడు, అడగని వాడికి కూడా పోశాడు! నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ఆమెకు ఊపిరాడలేదు.

అది మజ్జిగ మహిమ కాదని, మాత్రదని ఆమె చెప్పేసరికి గురుస్వామి ఖాళీ చెంబును రెండు చేతులతో దూరంగా జరిపాడు. నంది చెవి ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"నాకు చెప్పినావు సరే. ముందు ఆయనకు చెప్పక్కా. పొలంలో ఉండాడు. పొద్దున కూడా ఒక్క మాట మాట్లాడల్యా నాతో."

ఆమె పరుగులాంటి నడకతో కాలువ గట్టెక్కింది. దూరంగా శనగ చేను గట్టు మీద తెల్ల తువ్వాలు కనపడింది, దాని కింద మనిషి ఉన్నాడు. అప్పుడు గాని ఆమె ఊపిరి వదల్లేదు.

పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. తప్పు తగ్గించి చెప్పలేదు. ఆయన శనగ మొక్క నుంచి ఒక్కో ఆకూ తుంచుతూ విన్నాడు.

"నేను తినే తిండిలో మందు కలిపినావా?"

"కలిపినా."

"ఊరంతా చెప్పుకుంటినే మజ్జిగ మజ్జిగ అని. నువ్వు ఇంట్లో కూసొని నవ్వుకుంటాంటివా?"

"నవ్వల్యా. ఏడ్చినా. బర్రెనడుగు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "దొంగపని చేసినా. ఇంకోపారి చెయ్యను, నీ మీద ఒట్టు. నువ్వు ల్యాకపోయినా ఇల్లు జరుగుతాదంటివే, జరుగుతాదేమో నాకు తెల్దు. నాకు జరగదప్పా. నాకు నువ్వు కావాల. నీ పెద్ద గొంతు కావాల. నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే. ఆ మాత్ర మాత్రం నువ్వే నీ చేత్తో మింగు."

ఆయన తిట్టలేదు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

లూదియా చెప్పినట్టే జరిగింది. ఆ పూట నుంచి ఆయన ఇంట్లో తినడం మానేశాడు. బస్టాండు హోటల్లో తిని వచ్చి పడుకునేవాడు. సద్ది కుండ ఎదురుగా పెడితే పక్కకు తిరిగేవాడు. కమలాక్షమ్మ రోజూ సద్ది వేసింది, రోజూ మజ్జిగ చిలికింది. ఆయన ముట్టని మజ్జిగను గడప ముందుకొచ్చిన వాళ్లకు పోసింది. పోస్తూ ఒక్కరిని కూడా తిట్టలేదు. వాళ్లు చెంబు చేతిలో పట్టుకుని, తిట్టు కోసం కాసేపు చూసి, "అమ్మకు ఒంట్లో బాగల్యాదా?" అని పక్కింట్లో అడిగి పోయారు.

గురుస్వామి ఒక పొద్దున వచ్చాడు. భుజాన గోనెసంచి. అరుగు మీద కూర్చున్న ఆదినారాయణ ముందు సంచి విప్పి, నంది చెవి ముక్క తీసి పెట్టాడు.

"చూడప్పా. ఇది నీ మందు ఇరగ్గొట్టిన చెవి. రాయి చెక్కేటోణ్ణి పగలే నిద్రబుచ్చింది గదా, దాంట్లో బలముండాది. నాకు పనిజేసిన మందు నీకు చెయ్యదా? ఆయమ్మ చేసింది తప్పే. తప్పని ఆయమ్మే చెప్తాండాది. నువ్వు బాగైతివా ల్యాదా, అది చెప్పు."

ఆదినారాయణ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "నీ నంది చెడిపోయిందా నా వల్ల?"

"చెడిపోయింది. అందుకే నాకు బాకీ ఉండావు. నాకూ ఇప్పుడు నిద్దర ల్యాకుండా పోయింది మళ్లా. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకపో. ఒక్కణ్ణే పోవాలంటే నాకు సిగ్గు."

స్నేహితుడు అడిగితే కాదనలేని మనిషి. తన కోసమైతే కదిలేవాడు కాదు. గురుస్వామి కోసం చొక్కా మార్చుకున్నాడు. కమలాక్షమ్మ గుమ్మంలో నిలబడి, నేనూ వస్తానని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు.

ఆ పగలు ఎంతకీ తెగలేదు ఆమెకు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. పొద్దు వాలే వేళకు ఇద్దరూ వచ్చారు. లూదియా ఏమందో గురుస్వామే చెప్పాడు, ఆయనకు చెప్పాలని ఒకటే ఆత్రం.

"ఈయన అడిగినాడక్కా ఆయమ్మను, అయితే మజ్జిగ ఒట్టిదేనా మేడమ్ అని. ఒట్టిది కాదంట. పెరుగులో కంటికి కనపడని మంచి పురుగులుంటాయంట, వాటికీ మన మనసుకూ ఏదో లంకె ఉండొచ్చని కొందరు డాక్టర్లు వెతుకుతాండారంట. ఇంకా తేలల్యాదంట. రేపు తేలినా సరే, మాత్రతో పాటే మజ్జిగ, మాత్రకు బదులు కాదు అన్నాది. సద్ది మానొద్దన్నాది. మెంతుల మాటకు మాత్రం శానాసేపు నవ్వినాది." తనకు వేరే మందు రాసిందని, పగలు ఉలి పట్టుకోవచ్చని చెప్పి, చెవి లేని నందిని రేపు ఈ ఇంటికే పంపుతానని, బర్రె తొట్టి పక్కన పెట్టుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదినారాయణ అరుగు మీద కూర్చున్నాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి పక్కన పెట్టాడు. ఈసారి దాన్ని దాచలేదు, వీధిలో పోయేవాళ్లకు కనపడేటట్టే పెట్టాడు. ఆ రాత్రి భోజనానికి పీట వేయమన్నాడు. ఆమె వడ్డించింది, ఆయన తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి అట్టలోంచి ఒక మాత్ర తీసుకున్నాడు.

"కమలా, మజ్జిగ తే."

రాత్రి పూట ఆయన మజ్జిగ అడగడం అదే మొదలు. ఆమె తెచ్చింది. ఆయన చూస్తుండగానే కుండలోంచి గ్లాసులోకి పోసింది, ఉప్పు ఆయన ముందే వేసింది. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెత్తి, అడుగుదాకా తాగాడు. తాగి గ్లాసులోకి చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఏందే ఇది, ఇంత చప్పగా ఉండాది? మెంతులు యాడ?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. మాట చెప్పే ముందే నవ్వేసే ఆ పాత అలవాటు, పెదవి చివర ఇంతే ఇంత, ఉంది.

"పెట్టింది తాగేకి తెల్దు, మెంతులంట మెంతులు!" అని తిట్టింది కమలాక్షమ్మ. ఆ గొంతు రెండు వీధుల దాకా వినపడింది. తిడుతూనే లోపలికి పోయి, అటక మీది మెంతుల డబ్బా దించి, దుమ్ము తుడిచి, మరునాటి పొద్దుటి మజ్జిగ కోసం మొదటిసారి నిజంగా మెంతులు నానబోసింది.